సూది లేకపోతే భయం లేదా?

(విజయవాడలో బ్యూటీషియన్ కోర్సు నేర్చుకుంటున్న మహిళల సమావేశంలో ఒక చర్మవైద్యురాలు చేసిన ప్రసంగం. రికార్డింగ్ నుంచి రాసి పెట్టినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు కూడా ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను రెండు మూడు చిన్న వస్తువులు చూపించాలి. దగ్గరగా ఉంటే తప్ప కనిపించవు.

నన్ను పిలిచినప్పుడు ముఖ సౌందర్యం గురించి మాట్లాడమన్నారు. అది మహా సముద్రం. అందుకని ఈ గంటసేపూ ఒక్క పనిముట్టు గురించే మాట్లాడతాను. పెదవులు నిండుగా కనిపించడానికి, బుగ్గలు పూడటానికి, ముక్కు పక్కన గీతలు తగ్గడానికి ఫిల్లర్ వేస్తారని మీకు తెలుసు. ఆ ఫిల్లర్‌ని చర్మం లోపలికి పంపే పనిముట్టు గురించి నా మాట.

పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చింది. పెళ్లికి పదకొండు రోజులుంది. పై పెదవి ఒక పక్క నీలంగా కమిలిపోయి ఉంది. ముట్టుకుంటే లోపల బఠాణీ గింజల్లా రెండు గడ్డలు తగిలాయి. ఏం చేయించుకున్నావమ్మా అని అడిగితే, ఒక పార్లర్‌లో పెన్నుతో ఫిల్లర్ వేయించుకున్నానంది. ఆ తర్వాత ఒక మాట అంది. "సూది కాదు కదా మేడమ్, అందుకే ధైర్యం చేశాను."

ఆ ఒక్క మాట వల్లే నేను ఈ రోజు ఇక్కడికి వచ్చాను.

ముందు ఫిల్లర్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. ఎక్కువగా వాడేది హైలురానిక్ ఆసిడ్ అనే జెల్లీ. ఇది మన ఒంట్లో ఉండేదే. చర్మంలో, కీళ్లలో, కంట్లో ఉంటుంది, నీటిని పట్టి ఉంచుతుంది. ఒకప్పుడు దీన్ని కోడిపుంజు తలమీది ఎర్రటి తురాయి నుంచి తీసేవాళ్లు. ఇప్పుడు బాక్టీరియాతో పులియబెట్టి చేస్తున్నారు. ఈ జెల్లీకి ఒక మంచి గుణం ఉంది. పొరపాటు జరిగితే కరిగించవచ్చు. హైలురోనిడేజ్ అనే మందు ఇంజెక్షన్ చేస్తే ఇది కరుగుతుంది. కంటి ఆపరేషన్‌కి మత్తు ఇచ్చేటప్పుడు కూడా వాడే మందే అది, కొత్తదేం కాదు.

ఆ అమ్మాయి విషయంలో నాకు టెన్షన్ వచ్చింది ఎక్కడంటే, లోపలికి పోయినది హైలురానిక్ ఆసిడేనా కాదా అన్న దగ్గర. వాళ్లమ్మ పార్లర్‌కి వెళ్లి ఆ డబ్బా అడిగి తెచ్చింది. దానిమీద మెరిసే అక్షరాలతో ఏదో పేరుంది గానీ తయారు చేసినవాళ్ల చిరునామా లేదు, బ్యాచ్ నంబర్ లేదు, గడువు తేదీ లేదు. వేరే పదార్థమైతే నా దగ్గరున్న మందు దాన్ని కరిగించదు. అదృష్టం బాగుండి కరిగింది. రెండుసార్లు రావలసి వచ్చింది. పెళ్లినాటికి గడ్డలు పోయాయి, కమిలిన మచ్చ మాత్రం పూర్తిగా పోలేదు.

ఇప్పుడు ఆ పెన్ను సంగతి. దీన్ని హైలురాన్ పెన్ అంటారు. చూడటానికి లావుపాటి బాల్ పాయింట్ పెన్నులాగే ఉంటుంది. లోపల స్ప్రింగ్ ఉంటుంది. ముందు భాగంలో చిన్న ప్లాస్టిక్ ఆంప్యూల్ బిగించి, అందులో జెల్లీ నింపుతారు. ఆంప్యూల్ చివర వెంట్రుకంత రంధ్రం. బటన్ నొక్కగానే స్ప్రింగ్ ఒక్కసారిగా విడిపోయి, జెల్లీ ఆ రంధ్రంలోంచి సన్నటి ధారగా దూసుకొచ్చి చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. సూది లేదన్నది నిజమే. కానీ చర్మానికి రంధ్రం పడలేదనుకోకండి. ఇనుము చేసే పనిని ఇక్కడ ఒత్తిడి చేస్తోంది, అంతే. పైపు చివర బొటనవేలు నొక్కిపెడితే నీళ్లు ఎంత జోరుగా కొడతాయో మీకు తెలుసుగా.

మీలో చాలామందికి మెహందీ కోన్ పట్టడం అలవాటు. సన్నటి తీగ వేయాలంటే ఎలా నొక్కుతారు? కొద్దికొద్దిగా నొక్కుతారు, గీత లావైతే వెంటనే వేలు వదులుతారు, చూపు గీతమీదే ఉంటుంది. సిరంజి పట్టుకున్న డాక్టర్ చేయి కూడా అలాగే పనిచేయాలి. నెమ్మదిగా, చాలా కొద్దిగా వేస్తూ చర్మం రంగు గమనిస్తుండాలి. లోపల ఏదైనా అడ్డు తగిలితే బొటనవేలికి తెలుస్తుంది. రంగు తెల్లబడితే ఆ క్షణమే ఆపేయవచ్చు. అదే కోన్‌ని చేతిమీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దితే ఏ తీగ వస్తుంది? పెన్నుతో జరిగేది అదే. బటన్ నొక్కాక ఆపడం మన చేతిలో లేదు. ఎంత లోతుకి పోయిందో, ఏ పొరలో ఆగిందో పెన్ను పట్టుకున్నవాళ్లకి కూడా తెలియదు. చర్మం పల్చగా ఉన్నచోట లోతుకి పోతుంది, మందంగా ఉన్నచోట పైనే ఆగి గడ్డ కడుతుంది. పెన్ను కాస్త ఒరిగినా లెక్క మారిపోతుంది.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం అనుకోవద్దు. అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏ 2021 అక్టోబర్ 8న సూటిగా హెచ్చరించింది. ఫిల్లర్లు వేయడానికి హైలురాన్ పెన్నులాంటి సూదిలేని పరికరాలు వాడవద్దని ప్రజలకీ చెప్పింది, వైద్యులకీ చెప్పింది. ఈ పరికరాలతో కొందరి పెదవులకి, కళ్లకి శాశ్వతమైన హాని జరుగుతోందని వాళ్లకి తెలిసింది. ఫిల్లర్‌ని ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టే అదుపు ఆ ఒత్తిడితో రాదన్నది వాళ్లు చెప్పిన కారణం. ఇంకో మాట కూడా అందులో ఉంది. ఎవరైనా కొనుక్కుని ఇంట్లో వేసుకునేలా అమ్మడానికి ఏ ఫిల్లర్‌కీ వాళ్లు అనుమతి ఇవ్వలేదు. అక్కడ అనుమతి ఉన్నవి 22 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లకి, శిక్షణ ఉన్న వైద్య నిపుణులు సిరంజితో, సూదితోగానీ, కాన్యులా అనే మొద్దు కొన గొట్టంతోగానీ వేయడానికే. ఇంగ్లండ్‌లో అదే నెల, అదే ఏడాది 2021 అక్టోబర్ 1 నుంచి, 18 ఏళ్లలోపు పిల్లలకి అందం కోసం ఫిల్లర్ వేయడాన్నే చట్టం నిషేధించింది.

సూది లేకుండా మందు ఎక్కించే యంత్రాలు కొత్తవేం కావు. దీనికి పెద్ద చరిత్రే ఉంది. అది తెలిస్తే నేను ఎందుకింత గట్టిగా చెబుతున్నానో మీకు అర్థమవుతుంది. జెట్ ఇంజెక్టర్ అని ఒకటుండేది. మశూచిని తరిమేసిన రోజుల్లో పశ్చిమ ఆఫ్రికాలో, బ్రెజిల్‌లో దాన్ని బాగా వాడారు. కాలితో తొక్కితే ఒత్తిడి పెరిగేది, వరసలో నిలబడినవాళ్లకి ఒకరి తర్వాత ఒకరికి గంటలో వందలమందికి టీకా పడేది. మన దేశంలో ఆ రోజుల్లో రెండు కొనల చిన్న సూది ఎక్కువగా వాడారు. మీ అమ్మమ్మల చేతిమీద ఉండే గుండ్రటి మచ్చ ఆ మశూచి టీకాదే. జెట్ ఇంజెక్టర్ ఆనాడు చేసిన మేలు చిన్నది కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయితే 1984, 85 ప్రాంతంలో కాలిఫోర్నియాలో, బరువు తగ్గించే ఒక క్లినిక్‌కి వెళ్లినవాళ్లలో చాలామందికి హెపటైటిస్-బీ అనే కాలేయం జబ్బు వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందని వెతికితే, అక్కడ ఇంజెక్షన్లకి వాడిన జెట్ ఇంజెక్టర్ దగ్గర తేలింది. మందు ధార చర్మాన్ని తాకినప్పుడు కంటికి కనిపించనంత రక్తం, కణద్రవం వెనక్కి చిమ్మి యంత్రం కొనమీద పడుతుంది. తర్వాత వచ్చిన మనిషి ఒంట్లోకి అది పోతుంది. ఒకే కొనతో చాలామందికి వేసే ఆ యంత్రాల వాడకాన్ని 1997లో అమెరికా సైన్యం కూడా ఆపేసింది.

ఇప్పుడు మీరే ఆలోచించండి. చదువుకున్న ఆరోగ్య సిబ్బంది చేతిలోనే అలా జరిగిందంటే, ఆన్‌లైన్‌లో కొన్న పెన్నుని పార్లర్‌లో పొద్దుటినుంచి సాయంత్రం దాకా నలుగురికి వాడితే? "ఆంప్యూల్ మారుస్తున్నాం కదా మేడమ్" అంటారు. పెన్ను బాడీ మీద, ఆంప్యూల్ బిగించే గొంతు దగ్గర పడిన తుంపర మాటేమిటి? స్పిరిట్ దూదితో తుడిస్తే ఆ సందులోకి వెళ్లదు.

[సభలో ఎవరో ఏదో అడిగారు]

వస్తానమ్మా, సూది మాటకే వస్తున్నా. సూదితో వేస్తే ప్రమాదం లేదా అని ఆవిడ అడుగుతున్నారు. ఉంది. అది దాచి మాట్లాడితే మీకు అన్యాయం చేసినట్టే.

మన ఊరివాళ్లకి కాలువలతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. బ్యారేజీ దగ్గర బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఎలా విడిపోతాయో చూశారుగా. ముఖంలో రక్తనాళాలు కూడా అలాగే కొమ్మలు కొమ్మలుగా ఉంటాయి, అన్నీ ఎక్కడో ఒకచోట కలుస్తాయి. కనుబొమల మధ్య, ముక్కు మీద, ముక్కు పక్కన ఉన్న చిన్న ధమనులకి, కంటికి రక్తం తీసుకెళ్లే ధమనితో సంబంధం ఉంది. సూది మొన పొరపాటున ఆ చిన్న నాళంలోకి దిగి, గట్టిగా నొక్కితే జెల్లీ ప్రవాహానికి ఎదురెక్కుతుంది. పిల్లకాలువలో పోసింది బ్యారేజీ దాకా వెనక్కి వెళ్లినట్టు. చేయి వదలగానే రక్తం మళ్లీ మామూలు దిశలో నెడుతుంది కదా, అప్పుడు అది ఇంకో కాలువలోకి, కంటి రెటీనాకి వెళ్లే కాలువలోకి కొట్టుకుపోతుంది. ఆ మనిషికి ఆ కంట్లో వెలుగు ఆరిపోతుంది. ఎక్కువగా అప్పటికప్పుడే, కుర్చీలో కూర్చుని ఉండగానే.

ఇది ఎక్కడో పుస్తకంలో రాసిన భయం కాదు. ప్రపంచమంతటా వైద్యపత్రికల్లో వచ్చిన ఇలాంటి కేసులన్నీ వెతికి 2015లో ఒక సమీక్ష వేశారు. ఫిల్లర్ వల్ల, ముఖానికి ఎక్కించిన కొవ్వు వల్ల చూపు దెబ్బతిన్నవాళ్లు అప్పటికే 98 మంది లెక్కకి వచ్చారు. కనుబొమల మధ్య వేసినప్పుడు జరిగినవి అన్నిటికంటే ఎక్కువ, ఆ తర్వాత ముక్కు. పోయిన చూపు చాలామందికి తిరిగి రాలేదు. లక్షల ఇంజెక్షన్లలో ఇది అరుదే. కానీ ఆ మనిషికి కన్ను ఒకటి పోతే అరుదన్న మాట ఓదార్పు కాదు.

చూపు దాకా పోకుండా, చర్మానికి వెళ్లే నాళం మూసుకుపోవడం ఇంకొంచెం ఎక్కువగా జరుగుతుంది. అప్పుడు ఆ చోట చర్మం తెల్లగా పాలిపోతుంది, నొప్పి పుడుతుంది, కాసేపటికి వలలాగా ఊదారంగు గీతలు తేలతాయి. వెంటనే పట్టుకుని మందు వేస్తే తగ్గుతుంది. వాపులే అని ఐస్ పెట్టి ఇంటికి పంపిస్తే ఆ చర్మం చచ్చిపోయి, నల్లబడి, మచ్చ మిగులుతుంది.

అందుకే కాన్యులా అనేది వచ్చింది. ఇదిగో చూడండి, ఇది సూది. మొన ఏటవాలుగా, పదునుగా ఉంది. ఇది కాన్యులా. సూదిలాగే పొడుగు, కానీ కొన మొద్దు. జెల్లీ బయటికొచ్చే రంధ్రం చివర ఉండదు, పక్కన ఉంటుంది. ముందు సూదితో చర్మానికి చిన్న దారి చేసి, అందులోంచి దీన్ని నెమ్మదిగా పంపుతాం. మొద్దు కొన కాబట్టి నాళం ఎదురైతే దాన్ని పక్కకి నెట్టి పోతుందే గానీ సులువుగా గుచ్చుకోదు. అమెరికాలో 370 మంది చర్మవైద్యుల అనుభవాన్ని, అంటే వాళ్లు వేసిన 17 లక్షల సిరంజిలని లెక్కగట్టి 2021లో ఒక అధ్యయనం వచ్చింది. సూదితో అయితే 6,410 సిరంజిలకి ఒకసారి నాళం మూసుకుపోయింది. కాన్యులాతో 40,882కి ఒకసారి. వాటిలో ఎక్కువ భాగం శాశ్వతమైన నష్టం లేకుండానే తగ్గాయి, ఎందుకంటే పక్కనే ఉన్నది డాక్టర్, చేతిలో కరిగించే మందు ఉంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. కాన్యులా అన్న పేరు వినగానే నిశ్చింతగా ఉండకూడదు. సూది మందాన్ని గేజ్ నంబర్‌తో చెబుతారు, ఆ నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 25 గేజ్ దాదాపు అర మిల్లీమీటరు మందం, 27 గేజ్ 0.4, 30 గేజ్ 0.3 మిల్లీమీటర్లు. సన్నదైతే నొప్పి తక్కువని అందరూ సన్నదే అడుగుతారు. కానీ కాన్యులా మరీ సన్నబడితే, మొద్దు కొన ఉన్నా సూదిలాగే నాళాన్ని చీల్చుకుపోతుంది. అందుకే 25 లేదా అంతకంటే లావు కాన్యులానే మంచిదని ఇప్పుడు చాలామంది వైద్యులు భావిస్తున్నారు. నొప్పి తక్కువ ఉండటం, ప్రమాదం తక్కువ ఉండటం రెండూ ఒకటి కాదని అందుకే అంటాను. పెన్ను విషయంలోనూ మనం మోసపోయింది అక్కడే.

ఇంకొక అలవాటు గురించి చెప్పాలి, ఇది నన్ను చాలా బాధపెడుతుంది. ఫిల్లర్ సిరంజి సాధారణంగా ఒక మిల్లీలీటరు. ఖరీదైనది. అక్కాచెల్లెళ్లు, స్నేహితురాళ్లు ఇద్దరూ కలిసి వచ్చి, "చెరి సగం వేయండి, సూది మార్చేస్తే సరిపోతుంది కదా" అంటారు. సరిపోదమ్మా. మొదటి మనిషికి వేసినప్పుడు సూదిలోంచి రక్తం చుక్కలో వందో వంతైనా సిరంజిలోకి వెనక్కి రావచ్చు. పైన సూది కొత్తదే, కింద సిరంజి పాతదే. మిగిలిన సగాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మూడు నెలల తర్వాత టచప్‌కి వాడటం కూడా అలాంటిదే, అందులో క్రిములు చేరితే లోపల గడ్డలు కట్టి నెలల తరబడి బాధిస్తాయి. ఒక మనిషికి తెరిచినది ఆ మనిషికే, ఆ పూటకే.

ఉత్తరప్రదేశ్‌లో ఉన్నావ్ జిల్లా బంగర్‌మావ్‌లో ఏం జరిగిందో గుర్తుందా? 2018 ఫిబ్రవరిలో పేపర్లన్నీ రాశాయి. జ్వరానికీ దగ్గుకీ తక్కువ డబ్బుకి ఇంజెక్షన్ వేసే ఒక అర్హత లేని మనిషి ఒకే సిరంజిని మళ్లీ మళ్లీ వాడాడని తేలింది, నలభై మందికి పైగా హెచ్ఐవీ బయటపడింది. అది అందానికి సంబంధించింది కాదని మీరనవచ్చు. అయితే అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం సంగతి వినండి. అక్కడ లైసెన్స్ లేని ఒక స్పాలో, సొంత రక్తం తీసి ముఖానికి సూదులతో గుచ్చే ఫేషియల్ చేయించుకున్న మహిళలకి హెచ్ఐవీ సోకింది. ఒక్కసారి వాడి పారేయాల్సిన పరికరాలు అక్కడ మళ్లీ వాడారు, పేర్లు రాయని రక్తం గొట్టాలు వంటగదిలో ఆహారంతోపాటు పెట్టి ఉన్నాయి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2024లో ఈ వివరాలు ప్రచురించింది.  మెరిసే గది, మంచి సువాసన, తెల్లటి తువ్వాళ్లు చూసి నమ్మేయకండి.

మన చట్టం మాట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మీలో చాలామంది రేపు సొంతంగా పార్లర్ పెట్టుకుంటారు. చర్మంలోకి ఇంజెక్ట్ చేసే ఫిల్లర్ మన దేశంలో క్రీములాంటి కాస్మెటిక్ కాదు, వైద్య పరికరం కిందికి వస్తుంది. ఇంజెక్షన్ అంటే వైద్యం. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం కింద ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆన్‌లైన్‌లో రెండు రోజుల కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నానని చెబితే అది అక్కడ నిలవదు. మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. ఆ కోర్సులు అమ్మేవాళ్లు మీ కష్టార్జితం తీసుకుని, మీకీ ముక్క చెప్పరు. అందుకు చెబుతున్నాను.

మీ ఇంట్లోవాళ్లెవరైనా ఫిల్లర్ వేయించుకుంటామంటే వాళ్లతోపాటు వెళ్లండి. సిరంజి ప్యాకెట్ మీ కళ్లముందే చింపమనండి. దానిమీద ఉండే బ్యాచ్ నంబర్ స్టిక్కర్ మీ కాగితాల మీద అంటించమనండి, లేదా ఫోన్‌లో ఫోటో తీసుకోండి. వేసేది ఎవరు, వాళ్ల మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఏమిటి అని అడగండి. కరిగించే మందు ఇప్పుడు ఈ గదిలో ఉందా అని అడగండి. చూపు తగ్గితే చేతిలో ఉండేది గంటా గంటన్నరే. ఆ సమయంలో మెడికల్ షాపులు వెతుక్కుంటూ తిరిగే పరిస్థితి రాకూడదు. వాడిన సూదిని వాళ్లు ఎక్కడ వేస్తున్నారో కూడా చూడండి. గుచ్చుకోని తెల్లటి గట్టి డబ్బాలో పడాలి, చెత్తబుట్టలో కాదు. ఈ ప్రశ్నలకి చిరాకుపడే డాక్టరైతే, లేచి వచ్చేయండి. నన్ను అడిగినా నేను సంతోషంగా చెబుతాను, అది మీ హక్కు.

ఇంక ప్రశ్నలుంటే అడగండి.

[మూడో వరసలోంచి ఒకరు: "మేడమ్, నేను పనిచేసే చోట ఆ పెన్ను ఉంది. ఆరేడుగురికి వేశాం. నా పెదవికి కూడా వేసుకున్నాను. ఇప్పుడు ఏం చేయాలి?"]

ఇంతమందిలో లేచి అడిగారు, చాలా మంచి పని చేశారమ్మా. ఏడవకండి, కూర్చోండి. ఎవరైనా మంచినీళ్లివ్వండి.

ఈ రోజునుంచి ఆ పెన్ను ఆపేయండి. ఇంకొకరికి అమ్మేయవద్దు, ఊరికే ఇచ్చేయవద్దు. వేసినవాళ్ల పేర్లు, తేదీలు గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాయండి. వాళ్లకి ఫోన్ చేసి, పెదవిలో గడ్డగానీ నొప్పిగానీ రంగు మారడంగానీ ఉంటే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లమనండి. డబ్బా మిగిలుంటే పారేయకండి, అది డాక్టర్‌కి పనికొస్తుంది. తర్వాత మీరు, వాళ్లు అందరూ మూడు రక్తపరీక్షలు చేయించుకోండి. హెపటైటిస్-బీ, హెపటైటిస్-సీ, హెచ్ఐవీ. హెచ్ఐవీ పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ కేంద్రంలో ఉచితం, మీ పేరు బయటికి రాదు. 1097కి ఫోన్ చేసినా దారి చెబుతారు. వేసుకుని ఎన్నాళ్లయింది?

["అయిదు వారాలు."]

అయితే ఇప్పుడు ఒకసారి చేయించుకోండి, మూడు నెలలు నిండాక మళ్లీ ఒకసారి. హెపటైటిస్‌కి ఆరు నెలల దాకా చూడాలి. ఇప్పుడు పరీక్షలో ఏమీ లేకపోతే హెపటైటిస్-బీ టీకా మొదలుపెట్టండి. మొదట ఒకటి, నెల తర్వాత ఒకటి, మొదటిదానికి ఆరు నెలలయ్యాక ఒకటి. నిజానికి ఈ గదిలో ఉన్న అందరూ వేయించుకోవాలి, త్రెడింగ్ చేసేటప్పుడు, వ్యాక్సింగ్ చేసేటప్పుడు మీ చేతులకి ఇతరుల రక్తం తగులుతుంది. మీరు మీటింగ్ అయ్యాక వెళ్లిపోకండి, వెలుతురులో ఒకసారి మీ పెదవి చూస్తాను. ఆ ఆరేడుగురిని కూడా పంపించండి. ఫీజు గురించి ఎవరూ ఆలోచించవద్దని చెప్పండి.